ఎండాకాలం మల్చింగ్ వేరు, వానాకాలం మల్చింగ్ వేరు

ఈ ఎపిసోడ్‌లో మల్చింగ్ గురించి మాట్లాడుకుందాం. మిద్దె తోట ఉన్నవాళ్ళకీ, పెరట్లో నాలుగు మొక్కలు పెంచేవాళ్ళకీ, అర ఎకరం సాగు చేసే తమ్ముళ్ళకీ పనికొచ్చే విషయమే ఇది.

ముందు నాకు వచ్చిన ఒక మెసేజ్ చెప్తాను. అమలాపురం దగ్గర నుంచి ఒక తమ్ముడు జూలైలో ఫోటోలు పంపాడు. డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం వచ్చేలోపు ఇంటి వెనక ఐదు సెంట్లలో వంగ, మిరప వేశాడు. "అన్నా, మే నెలంతా మొక్కలు బ్రహ్మాండంగా ఉన్నాయి. వానలు మొదలయ్యాక రోజుకి రెండు మూడు వాలిపోతున్నాయి. నీళ్ళు చాలట్లేదేమో అని ఇంకా పెడుతున్నా" అన్నాడు. ఫోటో జూమ్ చేసి చూశాను. వరి గడ్డి కాండానికి ఆనుకుని జానెడు మందాన ఉంది. మొదట్లో తెల్లటి బూజు, దాని మీద ఆవగింజల్లాంటి గోధుమరంగు గుండ్లు.

అది మొదలు కుళ్ళు తెగులు. స్క్లెరోషియం అనే శిలీంధ్రం వల్ల వస్తుంది. వేరుశనగ వేసే రైతులకి దీని సంగతి బాగా తెలుసు. వేడీ తేమా కలిసి ఉన్నచోట, సగం కుళ్ళిన గడ్డి దొరికితే దానికి పండగే. ఆ ఆవగింజల్లాంటి గుండ్లు మట్టిలో ఏళ్ళ తరబడి బతుకుతాయి. ఇలాంటి మొక్క కనిపిస్తే చుట్టూ ఉన్న మట్టితో సహా తీసేయండి. కంపోస్టులో మాత్రం వేయకండి. మిగతా మొక్కల మొదళ్ళ దగ్గర గడ్డి వెనక్కి లాగి, మాగిన పశువుల ఎరువులో ట్రైకోడెర్మా కలిపి వేయండి. ఆ తమ్ముడికీ ఇదే చెప్పాను, నీళ్ళు కూడా ఆపమన్నాను.

ఇక్కడ గమనించండి. మే నెలలో ఆ మొక్కల్ని కాపాడింది ఆ గడ్డే. జూలైలో వాటి ప్రాణం మీదకి తెచ్చిందీ ఆ గడ్డే. గడ్డి మారలేదు, కాలం మారింది.

మనం చూసే మల్చింగ్ వీడియోలు చాలావరకు చల్లటి దేశాల నుంచి వస్తాయి. వాళ్ళు చెక్క బెరడు ముక్కలు ఒకసారి వేస్తే ఏడాదికి పైగా ఉంటాయి. మన కోస్తాలో అలా కుదరదు. వేడి 10 డిగ్రీలు పెరిగితే కుళ్ళే వేగం దాదాపు రెట్టింపు అవుతుంది. దానికి మన ఉక్కపోత తోడు. అందుకే ఆన్‌లైన్‌లో రంగు వేసిన చెక్క ముక్కల బ్యాగ్ కొనేముందు ఒకసారి ఆగండి. మనకి కావాల్సింది చుట్టుపక్కల దొరికేది, చౌకగా మళ్ళీ మళ్ళీ వేసుకోగలిగేది.

ప్రకృతి వ్యవసాయంలో సుభాష్ పాలేకర్ గారు చెప్పే నాలుగు చక్రాల్లో ఆచ్ఛాదన ఒకటి, వాఫస ఇంకొకటి. ఆచ్ఛాదన అంటే నేలని కప్పడం. వాఫస అంటే వేరు దగ్గర గాలీ తేమా రెండూ ఉండటం. చాలామంది మొదటిది గుర్తుపెట్టుకుని రెండోది వదిలేస్తారు. కప్పిన తర్వాత గాలి ఆడకపోతే ఆ కప్పు వల్ల నష్టమే.

సరే, ఇప్పుడు ఏది మంచిదో చూద్దాం.

వరి గడ్డి. మన దగ్గర మొదటి మార్కు దీనికే. వరి మొక్క నేల నుంచి తీసుకున్న పొటాష్‌లో ఎక్కువ భాగం గడ్డిలోనే ఉండిపోతుంది. పొలంలో తగలబెడుతుంటే అడిగి తెచ్చుకోండి. మిషన్‌తో కోసిన గడ్డిలో గింజలు మిగిలి ఉంటాయి, బాగా దులిపి వేయండి. లేకపోతే వంగ తోటలో వరి మొలుస్తుంది, ఎలుకలూ వస్తాయి.

కొబ్బరి డొక్కలు. కోనసీమ వాళ్ళకి ఇంతకంటే మంచిది లేదు. ముక్కలుగా కొట్టి వేస్తే గాలి ఆడుతుంది, నెమ్మదిగా కుళ్ళుతుంది, వానకి కొట్టుకుపోదు. కొబ్బరి పొట్టు మాత్రం వేరు. అది నీళ్ళు పట్టి ఉంచుతుంది కాబట్టి ఎండాకాలం కుండీలకి బాగుంటుంది, వానాకాలం పైన పరచకండి. కొత్త పొట్టులో ఉప్పు ఉండొచ్చు, రెండు మూడుసార్లు కడిగి వాడండి.

ఊక. చాలా కాలం ఉంటుంది. కానీ తేలిక. గాలికి ఎగురుతుంది, వానకి తేలిపోతుంది. గ్రో బ్యాగుల్లో అంగుళం మందం చాలు.

ఎండుటాకులు. ఉచితం. పెద్ద ఆకులు అలాగే వేస్తే వానకి ఒకదానికొకటి అతుక్కుని చాపలా అయిపోతాయి. చేత్తో నలిపి వేయండి.

రంపపు పొట్టు. పచ్చి పొట్టు మట్టిలో కలిపితే కుళ్ళడానికి మట్టిలోని నత్రజనిని లాగేస్తుంది, మొక్క పసుపు పచ్చగా అవుతుంది. పైన పలచగా వేస్తే ఆ ఇబ్బంది తక్కువ. ప్లైవుడ్ కోసిన పొట్టు మాత్రం వద్దు, అందులో జిగురు ఉంటుంది.

ప్లాస్టిక్ షీట్. పుచ్చ, మిరప ఎక్కువ విస్తీర్ణంలో వేసేవాళ్ళు వెండి-నలుపు షీటు, సాధారణంగా 25 నుంచి 30 మైక్రాన్లది, డ్రిప్‌తో కలిపి వాడతారు. కలుపు బాగా తగ్గుతుంది, కానీ తుంగ దాన్ని కూడా పొడుచుకుని వస్తుంది. పంట అయ్యాక ముక్క మిగలకుండా ఏరేయాలి. మిద్దె తోటకి ఇది అవసరం లేదు.

తెచ్చిన సరుకు మంచిదో కాదో తెలుసుకోవడానికి మీ ముక్కు చాలు. గుప్పెడు తీసి వాసన చూడండి. తొలకరి మట్టి వాసన వస్తే వేసేయొచ్చు. పుల్లటి వాసన, కుళ్ళిన గుడ్డు వాసన వస్తే అది గాలి లేకుండా మురిగిందని అర్థం. నాలుగైదు రోజులు పలచగా ఆరబోసి, వాసన పోయాకే వాడండి.

ఇక ఎంత మందం? మార్చి నుంచి జూన్ మొదటి వారం వరకు, అంటే రోహిణి కార్తె దాటేదాకా, గడ్డి మూడు నాలుగు అంగుళాలు. ముందు మట్టి బాగా తడిపి, ఆ తర్వాతే కప్పండి. పొడి నేల మీద మందంగా కప్పితే చిన్న జల్లులు గడ్డిలోనే ఆగిపోతాయి, వేరు దాకా దిగవు. మృగశిర వచ్చి వానలు పట్టగానే ఒకటి రెండు అంగుళాలకి తగ్గించండి. తుఫాను కబురు వస్తే మొదళ్ళ దగ్గర పూర్తిగా వెనక్కి లాగేయండి. ఏ కాలమైనా కాండం చుట్టూ నాలుగు వేళ్ళ వెడల్పు ఖాళీ ఉండాలి.

తీసిన గడ్డిని ఏం చేయాలి? కొబ్బరి చెట్ల మధ్య కుప్ప పోసి మర్చిపోకండి. కొబ్బరిని పాడుచేసే కొమ్ము పురుగు గుడ్లు పెట్టేది అలా కుళ్ళిన కుప్పల్లోనే. తరచూ తిరగేస్తూ ఉంటే లావుపాటి తెల్ల పురుగులు బయటపడతాయి, ఏరేయొచ్చు. ఎర్ర నేలల వాళ్ళకి ఆ సమస్య కంటే చెదలు ఎక్కువ. వాళ్ళు వారానికోసారి గడ్డి ఎత్తి చూసుకోవాలి.

ఒక్క మాట, గడ్డి మీద తెల్లటి దారాలు కనిపించగానే కంగారుపడకండి. చాలాసార్లు అది గడ్డిని కుళ్ళబెట్టే మామూలు బూజే. కాండం మీదకి పాకిందా, ఆవగింజలు ఉన్నాయా అన్నదే చూడాలి. మొక్క వాలిందని వెంటనే నీళ్ళు పోయకండి. ముందు మట్టిలోకి వేలు గుచ్చి చూడండి. లోపల తడి ఉండి కూడా వాలుతోందంటే కారణం దాహం కాదు.

ఈ వీడియో చూడగానే ఒక పని చేయండి. ఫోన్ పక్కన పెట్టి, ఒక్క మొక్క దగ్గర గడ్డి పక్కకి జరిపి మొదలు చూడండి. అనుమానంగా ఉంటే దగ్గర నుంచి ఫోటో తీసి, మీ ఊరు, నేల రకం రాసి పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో వాటి గురించే మాట్లాడదాం.