రిమోట్‌కు నాలుగంకెల తాళం

జనగామలోనైనా, మహబూబాబాద్‌లోనైనా, భూపాలపల్లి సింగరేణి క్వార్టర్లలోనైనా ఇప్పుడు చాలా ఇళ్లల్లో సినిమా అంటే ఆహా, నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ వీడియోలే. బడి నుంచి రాగానే రిమోట్ పిల్లల చేతికి పోతుంది.

2021లో కేంద్రం తెచ్చిన ఐటీ నిబంధనల ప్రకారం వీటిలో వచ్చే ప్రతి సినిమాకూ, సిరీస్‌కూ వయసు గుర్తు ఉండాలి: యు, యు/ఏ 7+, 13+, 16+, ఏ. 13+, ఆపై వాటికి తాళం వేసుకునే వీలు కూడా ఆ సంస్థలే కల్పించాలి. వేసుకోవడం మాత్రం మన పని.

చాలామంది కిడ్స్ ప్రొఫైల్ పెట్టి ఇక భయం లేదనుకుంటారు. పిల్లవాడు ఒక్క బటన్ నొక్కి నాన్న ప్రొఫైల్‌లోకి దూరిపోతాడు మరి! అసలు తాళం పడాల్సింది పెద్దల ప్రొఫైల్‌కు. ఫోన్ బ్రౌజర్‌లో నెట్‌ఫ్లిక్స్ అకౌంట్ తెరిచి, మీ ప్రొఫైల్ ఎంచుకుని, ప్రొఫైల్ లాక్ పెట్టండి. నాలుగంకెల పిన్ అడుగుతుంది. ప్రైమ్ వీడియోలో ఐదంకెలు. బండి నంబరు, పెళ్లి తేదీ పెట్టకండి. అవి పిల్లలకు మనకంటే బాగా గుర్తుంటాయి.

యూట్యూబ్ సంగతి వేరు, అక్కడ ప్రతి వీడియోకూ ఇలాంటి వయసు గుర్తు కనబడదు. చిన్నపిల్లలకు యూట్యూబ్ కిడ్స్ యాప్ ఉంది. అందులో సెర్చ్ ఆపేయొచ్చు, టైమర్ పెట్టొచ్చు.

అన్నట్టు, నానమ్మకు పిన్ చెప్పేటప్పుడు మనవడు పక్కన లేకుండా చూసుకోండి.