తిత్లీ తర్వాత మా సంఘం



2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తిత్లీ తుపాను తీరం దాటింది. తెల్లారి చూస్తే మా ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడి తోటలు నేలమీద పడున్నాయి. కరెంటు లేదు, మోటారు ఆడదు, తాగడానికి నీళ్లు లేవు. వేరే జిల్లాల లైన్‌మెన్లు వచ్చి స్తంభాలు నిలబెట్టారు. వాళ్లకి గంజన్నం, ఉల్లిపాయ తప్ప ఏమీ పెట్టలేకపోయాం. వద్దనకుండా తిన్నారు. పేర్లయినా అడగలేదు మేము, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఆ నెల వాయిదా ఎవరమూ కట్టలేకపోయాం. మీటింగు మాత్రం మానలేదు. పొదుపులో ఉన్న కాస్త డబ్బు ముందు ఎవరికివ్వాలని గొడవే పడ్డాం, దాచడమెందుకు. చివరికి ఇల్లు కూలిన ఒంటరి అక్కకిచ్చాం. ఆమె మళ్లీ నాటిన కొబ్బరి ఇప్పుడు కాపుకొచ్చింది. మొదటి రెండు కాయలు సంఘానికే తెచ్చింది. పచ్చడి చేసుకొని మీటింగులోనే తిన్నాం.