చంద్రకళలను దెలుపు యంత్రము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదేండ్లుగా దీపమారకుండ నిలిచిన ఈ గ్రంథాలయపు పండుగనాడు నాలుగు మాటలు చెప్పుమని నన్ను కోరిన కార్యవర్గమువారికి నా కృతజ్ఞతలు. నిన్న సాయంకాలము బాలల పుస్తకముల బీరువా కడ ఒక చిన్నవాడు నన్నొక ప్రశ్న అడిగినాడు. వాడు చదివిన కథలో ఒక మాంత్రికుని యొద్ద వింత యంత్రమున్నదట. మబ్బు పట్టినను, గుహలో దాగినను, ఆనాటి చంద్రుడెంత యున్నాడో అది చూపునట. “తాతగారూ, అట్టిది నిజముగా నుండునా?” అని వాని సందేహము. దానికే నేడు సమాధానము చెప్పదలచితిని.

నాయనా, అట్టి యంత్రము మీ యింటి గోడమేకునకు వ్రేలాడుచున్నది. దాని పేరు పంచాంగము. తిథి, వారము, నక్షత్రము, యోగము, కరణము అను అయిదంగములలో తిథియే చంద్రుని కళను దెలుపునది. చంద్రుడు సూర్యుని విడిచి 12 భాగలు, అనగా 12 డిగ్రీలు, ముందునకు సాగినచో ఒక తిథి గడచును. 360 భాగలకు 30 తిథులు. అమావాస్య ముగియు క్షణమున ఇరువురు నొక్క దిక్కున నుందురు. పూర్ణిమ ముగియు క్షణమున ఎదురెదురుగా నుందురు.

తిథి తెలిసినచో వెన్నెల వేళయు తెలియును. తిథిసంఖ్యను రెంటిచే హెచ్చవేయుడు. శుక్లపక్షమున ప్రొద్దుగ్రుంకిన పిదప అన్ని గడియలకు చంద్రుడు అస్తమించును. బహుళపక్షమున అన్ని గడియలకు ఉదయించును. ఇది స్థూలగణితమే యైనను పొలమునకు పోవువానికి చాలును. శుద్ధ అష్టమినాడు పదునారు గడియలు, అనగా ఇంచుమించు అర్ధరాత్రము వరకు వెన్నెల. మాఘ బహుళ చతుర్దశినాడు ఇరువదియెనిమిది గడియలు. కావుననే మన పాదగయలో కుక్కుటేశ్వరస్వామి సన్నిధిని శివరాత్రి జాగరణము చేయువారికి రాత్రియంతయు చీకటియే. తెల్లవారబోవు వేళ తూర్పున సన్నని రేఖ పొడచూపును. ఈ మారు కన్నులార చూడుడు.

సమీపమున నున్న ఉప్పాడ తీరమున ఈ లెక్క ప్రాణములతో ముడివడియున్నది. పున్నమకును అమావాస్యకును సముద్రపు పోటు హెచ్చు, అష్టమికి తగ్గు. పోటు వేళయు దినమునకు సుమారు రెండు గడియలు వెనుకబడును. ఒడ్డును కోసివేయుచున్న ఆ సముద్రము, తుపానును పున్నమ పోటును కలసివచ్చిన నాడు ఎంత భయంకరమో అచ్చటి బెస్తవారికి ఎవరును చెప్పనక్కరలేదు.

ఐతే ఈ యంత్రమునకును తుప్పు పట్టును. పండుగ నేడని ఒక పంచాంగము, రేపని మరొకటి చెప్పగా, ఒక వీధిలోనే రెండు నాళ్లు పండుగ జరిగి బంధువులు మాటలు మానుకొనుట మనము చూచినదే. ఇందులకు కారణము దైవము కాదు, గణితము. తిథి ప్రమాణము సగటున అరువది గడియలకు కొంచెము తక్కువ. పూర్వగణితము ననుసరించి అది అరువదికి మించి అయిదు గడియలు పెరుగును, ఆరు గడియలు తరుగును. దీనినే బాణవృద్ధి, రసక్షయము అందురు. దృగ్గణితము ననుసరించి ఏడు గడియలు పెరిగి పది గడియలు తరుగును. చంద్రుని నడకలో పూర్వులు గణింపని సూక్ష్మభేదములు కొన్ని కలవు. పూర్ణిమ, అమావాస్యల కడ వాని ప్రభావము స్వల్పము; కావుననే పాత లెక్కకును గ్రహణములు ఇంచుమించు సరిపోయెను. అష్టమి పరిసరములందు మాత్రము కొన్ని గంటల యంతరము కలుగును.

ఆ భేదములను పట్టినవాడు మన పొరుగున ఒరియా దేశమున పుట్టినాడు. ఖండపడాలో 1835లో జన్మించిన పఠాణీ సామంత చంద్రశేఖరులు దూరదర్శిని లేకయే, వెదురుతోను కర్రతోను తాము చేసికొన్న సాధనములతో ఏండ్ల తరబడి ఆకాశమును కొలిచి, చంద్రగతి లోని భేదములను స్వయముగా కనుగొని, ‘సిద్ధాంత దర్పణము’ అను సంస్కృత గ్రంథమును రచించిరి. అది 1899లో అచ్చయినది. శాస్త్రమునందు వారికి భక్తి లేకపోలేదు. భక్తి యుండుట చేతనే లెక్కను ఆకాశముతో సరిచూచిరి. పిమ్మట 1952లో మేఘనాథ సాహాగారి అధ్యక్షతన ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘము 1955లో నివేదిక నొసగెను. 1957 మార్చి 22 నుండి రాష్ట్రీయ పంచాంగము అమలులోనికి వచ్చినది.

పెద్దలారా, తాతలు చెప్పినదానిని దిద్దుట వారిని అవమానించుట కాదు. గడియారము తప్పినచో తాతగారిదని దానిని తప్పుగానే నడపుదుమా? కలహించుటకు ముందు కలసి ఆకాశమును చూతము.

కావున ఈ గ్రంథాలయమునకు నా విన్నపము ఒక్కటి. ఏటేటి పంచాంగములను, రాష్ట్రీయ పంచాంగముతో గూడ, ఒక అరలో భద్రపరుపుడు. ప్రక్కన ఒక తెల్లకాగితముల పుస్తకముంచుడు. పిల్లలు ప్రతిరాత్రి చంద్రుడు ఉదయించిన వేళనో, అస్తమించిన వేళనో అందు వ్రాయుదురు గాక. సంవత్సరము తిరుగునప్పటికి ఏ లెక్క ఆకాశమునకు దగ్గరయో వారే మనకు చెప్పగలరు.

ప్రశ్న అడిగిన ఆ చిన్నవాని కొక మాట. నాయనా, మాంత్రికుని యంత్రము వాని యొక్కనికే పనిచేయును. ఈ యంత్రము అడిగిన ప్రతివానికి పనిచేయును. గ్రంథాలయమును అట్టిదే. ఇది స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి ఆ పుస్తకము నిండియుండునని ఆశించుచు, సెలవు తీసికొనుచున్నాను.