చెప్పుల డబ్బాలో చదువు
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కొందరు పిల్లలు పిలిస్తే తిరిగి చూడరు. బొమ్మకారు ఇస్తే ఆడరు, దాని చక్రం తిప్పుతూ గంటలు కూర్చుంటారు. 1943లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు ఇటువంటి 11 మంది పిల్లల గురించి రాశారు. దీన్నే ఆటిజం అంటారు. మనం ఇంకా గాలి సోకిందనో, తల్లి పెంపకం సరిగా లేదనో అంటున్నాం. దువా చేయించండి, వద్దనను. డాక్టరుకూ చూపండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. సర్కారువారి భవిత కేంద్రాల్లో ఇటువంటి పిల్లలకు నేర్పే టీచర్లున్నారు.

నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. మరమగ్గం పని చేసే ఒకాయన అయిదేళ్ళ కొడుకును బడికి తెచ్చారు. గంట కొట్టగానే వాడు చెవులు మూసుకొని ఒకటే ఏడుపు. "వచ్చే ఏడు చూద్దాం లెండి" అని పంపేశాను. మరుసటేడు వాళ్ళమ్మ వచ్చి, "మాస్టర్ సాబ్, బడి సంగతి తర్వాత, ఇంట్లో ఏం చేయమంటారో చెప్పండి" అంది. నాకేం తెలుసు? అప్పుడు అడిగి తెలుసుకున్నాను.

ఈ పిల్లలకు చెవికన్నా కన్ను మేలు, చాలామందికి. పని ఎంతుంది, ఎక్కడ అయిపోతుంది అన్నది కనబడాలి. చెప్పుల డబ్బా మూతకు చీలిక కోశాం. పెళ్ళికార్డు ముక్కలు అందులో ఒక్కొక్కటే వేయాలి. ముక్కలు అయిపోతే పనీ అయిపోయినట్టే. మన నగరిలో ఖాళీ నూలు కోన్లకు కరువా! ఎర్రదారం, పచ్చదారం చుట్టి రంగుకు రంగు జతపెట్టించాం. చింతగింజలు, పూసలు మాత్రం వద్దు, నోట్లో వేసుకుంటారు.

తర్వాత వుజూ. చేతులు, నోరు, ముక్కు, ముఖం, మోచేతులు, తల, పాదాలు, ఏడు అట్టలు. బొమ్మలు గీయొచ్చా అని ఒక పెద్దాయన అడిగారు. కళ్ళూ ముఖకవళికలూ లేకుండా గీతలతోనే గీశాను, ఆయన సరేనన్నారు. ఇంకో చిక్కు వచ్చింది. ఉర్దూ కుడినుంచి, తెలుగు ఎడమనుంచి. వాడు ఎటునుంచి చూడాలి? పైనుంచి కిందికి కుళాయి పక్కన గోడకు అంటించాం. మాట కూడా ఇంట్లో అనేదే, నీళ్ళు కాదు, పానీ.

నెలలు పట్టింది. ఇప్పుడు నాలుగో అట్ట దాకా తనే చేస్తాడు. తలమీద తడిచేయి పడితే ఇంకా పరుగే.

ఇంట్లో పాత పెళ్ళికార్డులు, చెప్పుల డబ్బాలు, కోన్లు ఉంటే పారేయకండి. సంఘం ఆఫీసులో ఇవ్వండి. వాళ్ళమ్మ, ఇంకో ఇద్దరు తల్లులు కత్తిరించి పెడతామన్నారు.