రెండు నూలు అంటే ఎంత?

ఈరోజు ఎపిసోడ్ దాదాపు ఒక్క మాట గురించే. ఆ మాట నాకు తెలీక మా నాయన ఒక సీజన్ బెల్లంలో బాగా దెబ్బ తిన్నాడు. కొంచెం ఓపిగ్గా వినండి.

మాది చిత్తూరు పక్కన పల్లె. చెరుకు వేస్తాం, మోటార్ మీద తిరిగే మూడు రోలర్ల గానుగ ఉంది. అప్పట్లో నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తున్నా. సీజన్‌కి ముందు గానుగ ఇప్పి చూసిన మేస్త్రీ, నాయన ఫోన్ తీసుకుని నాతో మాట్లాడినాడు. "అబ్బోడా, పై రోలర్ కాడ రెండు నూలు పోయుండాది. ఏం చేద్దామంటావు?" అన్నాడు.

నా బుర్ర ఎట్లా పని చేసిందో చూడండి. నూలు అంటే దారం. దారం అంటే థ్రెడ్. మెషిన్లో థ్రెడ్ అంటే బోల్టుకుండే మర. సో, బోల్టుకి రెండు మరలు అరిగిపోయినాయి! ఇంత లాజికల్‌గా తప్పు చేయాలంటే బీటెక్ చదివుండాల. "కొత్త బోల్టులు వేసేయండి మేస్త్రీ, దుడ్లు పంపిస్తా" అన్నా. ఆయన ఒక్క క్షణం ఆగి, "అంతేనా? సరే, నువ్వు చెప్తే సరే" అన్నాడు.

ఆ "అంతేనా" దగ్గర నేను ఆగుండాల్సింది. ఆయనకి నలభై ఏళ్ల అనుభవం. కానీ అవతల మాట్లాడేది ఇంజనీరు, ఏదో లెక్క ఉంటుందిలే అనుకున్నాడు.

నూలు అంటే వర్క్‌షాప్‌లో ఒక కొలత. అంగుళంలో ఎనిమిదో వంతు. 3.175 మిల్లీమీటర్లు. రెండు నూలు అంటే పావు అంగుళం, 6.35 మిల్లీమీటర్లు. రోలర్ షాఫ్ట్ ఒక గన్‌మెటల్ బుష్‌లో తిరుగుతుంది కదా, ఆ బుష్ అంత మేర అరిగిపోయిందని ఆయన చెప్పింది. నేను బోల్టులు మార్పించినా.

గానుగ మొదలుపెట్టిన మూడో రోజు షాఫ్ట్ ఊగి ఊగి గేర్ పళ్లు రాలిపోయినాయి. కొట్టిన చెరుకు కళ్లంలో పడుంది. కొట్టిన చెరుకు ఎన్ని రోజులు ఉంటే అంత చక్కెర తగ్గిపోతుంది, అట్లాంటి రసంతో వండితే బెల్లం సరిగ్గా గట్టిపడదు, రంగు కూడా రాదు. మెత్తబడిన బెల్లానికి మార్కెట్లో రేటు ఎంత వస్తుందో మీ ఇంట్లో బెల్లం వండేవాళ్లుంటే అడగండి. నాయన నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

తర్వాత లీవ్ పెట్టి వచ్చి, టౌన్లో లేత్ షాప్‌కి పోయినా. అక్కడ నేను అడిగిన ప్రశ్న "నూలు అంటే ఏంది?" కాదు. "నూలు చూపించు" అన్నా. ఆయన స్టీల్ స్కేల్ తీసి, అంగుళం మీద ఎనిమిది గీతల్లో మొదటి దాని మీద బొటనవేలి గోరు పెట్టినాడు. అంతే. రెండు సెకన్ల పని.

ఇక్కడ నాకు భలే నచ్చిన విషయం ఒకటుంది. హైదరాబాద్ వైపు ఇదే కొలతని సూత్ అంటారు. హిందీలో సూత్ అన్నా దారమే. వేలూరు మనకు నలభై కిలోమీటర్లు కూడా లేదు, అక్కడ తమిళంలో నూల్ అంటారు, అదీ దారమే. మూడు భాషల్లోనూ పనివాళ్లకి అంగుళంలో ఎనిమిదో వంతు ఒక దారం! అంటే నా తర్జుమా కరెక్టే, అర్థమే తప్పు.

మన దేశంలో మెట్రిక్ కొలతలు 1958 అక్టోబర్ నుంచి మొదలైనాయి. అయినా ఇల్లు కట్టేచోట నిలబడి వినండి. 10 మిల్లీమీటర్ల కమ్మిని ఇప్పటికీ మూడు నూలు కమ్మి అంటారు. లెక్కేస్తే 9.5 వస్తుంది, దగ్గరదగ్గర అదే.

నూలు కంటే సన్నగా కావాలంటే తౌ. ఇది ఇంగ్లీష్ థౌజండ్‌కి పొట్టి రూపం, అంగుళంలో వెయ్యో వంతు. ఒక నూలులో 125 తౌలు. నూలు అన్నచోట తౌ అని విన్నా, తౌ అన్నచోట నూలు అని విన్నా జాబ్ స్క్రాప్‌కే.

గేజ్ ఇంకో తిరకాసు. రేకుల షాపులో నంబర్ పెరిగేకొద్దీ రేకు పల్చనవుతుంది. 16 గేజ్ 1.6 మిల్లీమీటర్లు, 18 గేజ్ 1.2. బలంగా ఉంటుందని పెద్ద నంబర్ అడిగేరు, జాగ్రత్త. ఇక ఆకురాయి అంటే రాయి కాదు, ఫైల్. మేస్త్రీ తెమ్మంటే నేను నిజంగానే మూలన రాయి వెతికినా. రసమట్టం అంటే స్పిరిట్ లెవెల్. ఫస్టియర్ వర్క్‌షాప్ ల్యాబ్‌లో ఈ రెండూ పట్టుకున్నవాడినే నేను, ఇంగ్లీష్ పేర్లతో.

ఇట్లాంటి మాటల్ని పట్టించుకున్నవాళ్లు మనకి లేకపోలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు మాండలిక వృత్తి పదకోశం కోసం ఊళ్లలో పనిచేసేవాళ్ల నుంచే మాటలు సేకరించినారు. వ్యవసాయం మాటల సంపుటం 1962లో వచ్చింది, తర్వాత చేనేతది. నాగలి భాగాలకే జిల్లాకో పేరు. మాట పనివాడి దగ్గరే దొరుకుతుందని ఆయనకి తెలుసు. నేనేమో ఫోన్లో గెస్ కొట్టినా.

ఇప్పుడు ఏ షాప్‌కి పోయినా ఒకటే చేస్తా. విన్న కొలతని మిల్లీమీటర్లలోకి మార్చి తిరిగి చెప్తా. "అంటే ఆరున్నర మిల్లీమీటర్లు తక్కువనా మేస్త్రీ?" అని. తప్పైతే వాళ్లే నవ్వి సరిచేస్తారు. ఆ నవ్వు ఫ్రీ, గేర్ పళ్లు ఫ్రీ కాదు.

కొత్త బుష్ వేసిన రోజు మేస్త్రీ "నాలుగు తౌ వదిలినా" అన్నాడు. నేను వెంటనే "చూపించు" అన్నా. "తౌ కంటికి యాడ కనపడుతుంది రా సామీ" అని ఫీలర్ గేజ్‌లోంచి ఒక ఆకు లాగి షాఫ్ట్ సందులోకి తోసి నా చేతికిచ్చినాడు. లాగి చూడమన్నాడు. కొంచెం పట్టుకుని వదిలింది. అట్లాంటి ఆకే ఇది, మిల్లీమీటర్‌లో పదో వంతు మందం. కెమెరా దగ్గర పెడుతున్నా, ఫోకస్ అవుతుందో లేదో చూడండి.