కొచ్ ఊరి బండి



రైల్వే ప్లాట్‌ఫారం మీద నిలబడి ‘మన కోచ్ ఎక్కడ ఆగుతుందండీ’ అని పక్కవాళ్లను మీరు అడిగే ఉంటారు. ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలుంటే కోచింగ్ ఫీజు కట్టే ఉంటారు. జట్టు ఓడిన రోజున టీవీ ముందు కూర్చుని కోచ్‌ను తిట్టుకునే ఉంటారు. రైలుపెట్టెకూ, ఎంట్రన్సు పాఠాలకూ, క్రికెట్ గురువుకూ ఒకే మాట ఎలా కుదిరింది? దానికి మనం హంగేరీలో ఒక చిన్న ఊరికి వెళ్లాలి.

ఆ ఊరి పేరు కొచ్. బుడాపెస్ట్ నుంచి వియన్నా వైపు వెళ్లే దారిలో ఉంటుంది. 15వ శతాబ్దంలో అక్కడి బండ్లు చేసేవాళ్లు తేలికగా, వేగంగా పోయే గుర్రపు బండి ఒకటి తయారుచేశారు. హంగేరియన్‌లో ఊరి పేరు చివర ‘ఇ’ చేరిస్తే ఆ ఊరిది అని అర్థం. బుడాపెస్టి అంటే బుడాపెస్ట్‌ది, కొచి అంటే కొచ్‌ది. మొదట్లో ‘కొచి సెకేర్’ అనేవారు, కొచ్ ఊరి బండి అని. వాడగా వాడగా బండి జారిపోయి ఊరు మిగిలింది. ‘పెళ్లికి ఉప్పాడ కట్టుకున్నాను’ అంటే చీర అని వేరే చెప్పక్కర్లేదు కదా, అదే పద్ధతి. జర్మన్లు దాన్ని కుట్షె అన్నారు, ఫ్రెంచివాళ్లు కోష్ అన్నారు. 16వ శతాబ్దం నడుమ ఇంగ్లండు చేరేసరికి కోచ్ అయింది.

అక్కడిదాకా అది వట్టి బండే. దాన్ని మనిషిగా మార్చినవాళ్లు ఆక్స్‌ఫర్డ్ కుర్రాళ్లు. 1830 ప్రాంతంలో, పరీక్ష గట్టెక్కడానికి డబ్బిచ్చి పెట్టుకునే ప్రైవేటు మేష్టారికి వాళ్లు ‘కోచ్’ అని పేరు పెట్టారు. మనం ఎక్కి కూర్చుంటే చాలు, లాక్కెళ్లి అవతల దింపుతాడు అని. ఆ మాటలో గౌరవం కన్నా వెటకారం పాలే ఎక్కువ. 1860ల నాటికి అది ఆటల్లోకి దిగింది. వెటకారం ఎక్కడో రాలిపోయింది. వీధి చివర పెద్ద అక్షరాలతో కోచింగ్ సెంటర్ అని బోర్డు కట్టినవాళ్లకు, ‘ఇక్కడ బండి లాగబడును’ అని రాయించుకున్నామన్న సంగతి తెలియదు.

మరి హంగేరీవాళ్లు తమ కొచికి ఈ కొత్త అర్థం ఇచ్చారా? ఇవ్వలేదు. వాళ్ల భాషలో ఆటల గురువు ‘ఎద్జో’. కొలిమిలో ఇనుముకు పదును పెట్టే పనికి ఏ క్రియ వాడతారో, దాని నుంచే ఈ మాట వచ్చింది. ఇంగ్లీషువాడికి గురువు మోసుకుపోయే బండి, హంగేరీవాడికి కాల్చి గట్టిపరిచే కమ్మరి. ఒక భాషలోని స్లాంగ్‌కు, అంటే కుర్రకారు వాడుక మాటకు, మరో భాషలో సమానార్థకం వెతికితే దొరికేది ఇలాంటిదే. పని ఒకటే, బొమ్మ వేరు. నాకైతే కమ్మరే నచ్చాడు, చదువుకునే రోజుల్లో బండే నచ్చేదేమో.

పరీక్షల ఊసు వచ్చింది కాబట్టి ఇంకాసేపు అక్కడే ఉందాం, కుర్రకారు మాటలకు అంతకు మించిన పంటపొలం లేదు. చొక్కా మడతలో దాచుకునే చీటీని మనం స్లిప్పు అంటాం. హంగేరీ విద్యార్థి దాన్ని ‘పుష్క’ అంటాడు. పుష్క అంటే తుపాకీ. మనవాడు కాపీ కొడతాడు, వాడు తుపాకీ పేలుస్తాడు. అక్కడి బళ్లలో మార్కులు 1 నుంచి 5 వరకు, 5 వస్తే గొప్ప, 1 వస్తే తప్పినట్టు. ఆ ఒకటిని పిల్లలు ‘కరో’ అంటారు, పాతిన గుంజ అని. అంకె ఆకారం చూడండి, నిట్టనిలువు గుంజే. ఇంగ్లీషువాళ్ల సున్నా బాతుగుడ్డు. క్రికెట్లో బ్యాటరు డకౌట్ అయ్యాడంటే ఆ గుడ్డు పెట్టి వెళ్లాడన్నమాట. మన ఇళ్లలో అదే లెక్కల పేపరు మీదికి వచ్చేసరికి కోడిగుడ్డు అవుతుంది. బాతా, కోడా అన్న తగువే తప్ప గుడ్డు మాత్రం ఖాయం.

పరీక్షల నుంచి ఇక జేబు సంగతికి వద్దాం. డబ్బుకు ఇంగ్లీషు స్లాంగ్‌లో ‘డో’ అని ఒక మాట ఉంది, పిండిముద్ద. 19వ శతాబ్దపు అమెరికాలో పుట్టింది. హంగేరీలో డబ్బును ‘దొహాన్’ అంటారు, పొగాకు. దానితోపాటు ‘లోవే’ అని ఇంకో మాట ఉంది. ఇది హంగేరియన్ కాదు, రోమా ప్రజల భాష రోమానీది. వాళ్ల పూర్వికులు వందల ఏళ్ల క్రితం మన దేశం నుంచే పడమటికి తరలిపోయారు. ఈ లోవేను భాషాశాస్త్రవేత్తలు సంస్కృత ‘లోహ’ శబ్దంతో ముడిపెడతారు. బుడాపెస్ట్ వీధిలో కుర్రాడు జేబు తడుముకుని లోవే లేదంటే, అందులో మన లోహం మోగుతుంది. అమ్మాయిని అక్కడ స్లాంగ్‌లో ‘చాయ్’ అంటారు, అదీ రోమానీయే. మీకు టీ గుర్తొచ్చిందని నాకు తెలుసు. టీని వాళ్లు ‘తెయ’ అంటారు, తికమక పడకండి.

ఇంకో విచిత్రం. స్నేహితుణ్ని ఇంగ్లీషులో చనువుగా ‘పాల్’ అంటారు. 17వ శతాబ్దం చివర్లో ఇంగ్లండులోని రోమా ప్రజల నోట నుంచి ఇంగ్లీషులోకి దూకిన మాట అది. వాళ్ల భాషలో అన్నదమ్ముడని అర్థం, మూలం సంస్కృత ‘భ్రాతృ’. మన పద్యాల్లోని భ్రాతకు దగ్గరి చుట్టమే. రోమానీ నుంచి ఎన్నో మాటలు తీసుకున్న హంగేరీవాడు మాత్రం స్నేహితుడి దగ్గరికి వచ్చేసరికి వేరే గడప తొక్కాడు. ‘హవెర్’ అంటాడు. అది యూదుల యిద్దిష్ నుంచి వచ్చింది, మూలం హీబ్రూ. పని అనడానికి వాడే ‘మెలో’ కూడా ఆ వాకిట్లోదే. ఆలోచిస్తే ఇందులో వింత లేదు. పెద్దమనుషుల భాష పుస్తకాల్లోంచి అప్పు తెచ్చుకుంటుంది. కుర్రకారు భాష సంతలో, పనిలో, పేటలో పక్కన నిలబడ్డవాడి నోట్లోంచి లాక్కుంటుంది. ఆ పేటల్లో రోమా వాళ్లూ యూదులూ ఉన్నారు.

మళ్లీ మన బండి దగ్గరికి వద్దాం. హంగేరీలో కొచి అన్న మాట పోలేదు. గుర్రం పోయి ఇంజను వచ్చినా పేరు అదే, ఇప్పుడు కారును కొచి అంటారు. ఈమధ్య కాలంలో ఆఫీసుల్లో, బతుకు విషయాల్లో సలహాలిచ్చే కొత్తరకం గురువులు అక్కడా తయారయ్యారు. వాళ్లకు కమ్మరి మాట పనికిరాలేదు. ఇంగ్లీషు నుంచి కోచ్‌ను, అక్షరాలు కూడా మార్చకుండా, దిగుమతి చేసుకున్నారు. ఇవాళ బుడాపెస్ట్‌లో కోచ్ కొచి దిగి ఆఫీసు మెట్లెక్కుతున్నాడంటే, ఎక్కేవాడి పేరూ, వాడు దిగిన బండి పేరూ రెండూ కొచ్ ఊరివే.