ఫ్లాస్కు నుంచి ఫ్యాక్టరీ దాకా
(ఎస్.ఆర్. నగర్‌లో జరిగిన మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రభుత్వ పరిశోధనశాలలో కెమిస్టుగా పనిచేసినవాణ్ణి కనుక నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. పిహెచ్.డి. ముగించిన పిల్లలు టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్ ఉద్యోగాలకు వెళ్తామంటే మన ఇళ్ళల్లో దిగులు పడుతున్నారు. చదివిందంతా బూడిదలో పోసిన పన్నీరే అనుకుంటున్నారు. అది సరికాదని మనవి చేయడమే నా ఉద్దేశం.

ఇంతకూ ఏమిటీ పని? పరిశోధనశాలలో కనిపెట్టినదాన్ని పరిశ్రమ చేతికి అందించడం. వినడానికి సులువే. కాని లీటరు ఫ్లాస్కులో చక్కగా జరిగిన రసాయన చర్య వెయ్యి లీటర్ల రియాక్టరులో మొరాయించవచ్చు. పాత్ర పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి రెట్లు పెరిగితే లోపలి సరుకు 1000 రెట్లవుతుంది. వేడి బయటికి పోవలసిన గోడ మాత్రం 100 రెట్లే పెరుగుతుంది. వేడి లోపలే నిలిచిపోతుంది. ఈ సంగతి శాస్త్రవేత్తకూ, ప్లాంటు ఇంజనీరుకూ, డబ్బు పెట్టే యజమానికీ ఎవరి భాషలో వారికి చెప్పగలవాడు కావాలి. కెమిస్ట్రీ రానివాడు ఆ పని చేయలేడు.

రెండోది పేటెంటు. కొత్త విషయాన్ని ముందే పత్రికలో అచ్చువేస్తే పేటెంటు హక్కు చేజారవచ్చు. ముందు దరఖాస్తు, తర్వాత ప్రచురణ. ఈ వరుస తెలిసినవారు పక్కన లేకపోతే ఏళ్ళ శ్రమ పరులపాలవుతుంది.

ఈ విద్యకు మన ఊరే మంచి బడి. 1970 నాటి పేటెంటు చట్టం 1972లో అమలులోకి వచ్చింది. దాని ప్రకారం మందు మీద పేటెంటు లేదు, తయారీ పద్ధతి మీదే ఉండేది. కనుక కొత్త పద్ధతి కనిపెట్టినవారికి దారి తెరుచుకుంది. తార్నాకలోని ఐ.ఐ.సి.టి.లో డాక్టర్ ఎ.వి. రామారావుగారి బృందం ఎయిడ్స్‌కు వాడే ఎ.జడ్.టి. తయారీ పద్ధతిని రూపొందించింది. సిప్లా కంపెనీ ఆ మందును 1993లో మన దేశంలో విడుదల చేసింది. 1995లో పదవీ విరమణ చేశాక రామారావుగారు అవ్రా లేబొరేటరీస్ స్థాపించారు. ఉద్యోగానికే గాని బుర్రకు రిటైర్మెంటు లేదని మనబోటివారికి చూపించారు.

శాంతా బయోటెక్నిక్స్ స్థాపించిన వరప్రసాదరెడ్డిగారు ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. శాస్త్రవేత్తలను కూడగట్టి 1997లో హెపటైటిస్-బి టీకాను మార్కెట్లోకి తెచ్చారు. విద్య ఒకచోట, అవసరం మరోచోట ఉన్నప్పుడు వాటిని కలిపేవారి విలువ ఏమిటో ఇందులో తెలుస్తుంది.

2005 నుంచి మందుల మీద కూడా పేటెంట్లు ఇస్తున్నారు. దానితో ఈ పని తెలిసినవారి అవసరం మరింత పెరిగింది. సైన్సు డిగ్రీ ఉన్నవారు పరీక్ష పాసై పేటెంట్ ఏజెంటు కావచ్చు. 1953లో ఏర్పడిన ఎన్.ఆర్.డి.సి., 2012లో వచ్చిన బైరాక్ వంటి ప్రభుత్వ సంస్థలు పరిశోధనకూ పరిశ్రమకూ వారధులుగా ఉన్నాయి.

కష్టం లేదని అనను. పరిశోధన పత్రాల మీద వారి పేరుండదు. నెలల తరబడి సాగిన బేరం చివరికి బెడిసికొట్టవచ్చు. పదింట్లో ఒకటి రెండు ఫలించినా గొప్పే. అది తెలిసి వెళ్ళే పిల్లల్ని ఆపవద్దు. "జీతమెంత?" అని అడిగే ముందు "ఏ వస్తువును జనానికి చేర్చబోతున్నావమ్మా?" అని అడగండి. జవాబు చెప్పగలిగితే ఆశీర్వదించి పంపండి.